బొగ్గు బండి ముందా, మనుషుల బండి ముందా

మా బాపు బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఇరవై ఏళ్ళు ఫిల్లరుగా పనిచేశాడు. కోసి పడేసిన బొగ్గును తట్టతో ఎత్తి టబ్బుల్లో నింపే పని అది. మోకాళ్ళు అరిగిపోయి బాయి దిగలేని స్థితి వచ్చాక, గోదావరిఖని వైపు కొత్తగా తెరిచిన గనుల దగ్గర ఆయనకు పైన పని ఇచ్చారు. గూడ్సుబండి వ్యాగన్లలో బొగ్గు నింపే చోట జనరల్ షిఫ్టు డ్యూటీ. అక్కడ ఇంకా క్వార్టర్లు లేవు, ఇల్లు బెల్లంపల్లిలోనే ఉంచుకున్నాం. మరుసటి ఏడు నాకు కూడా అక్కడికి దగ్గర్లోనే ఒక చిన్న బడిలో టీచరుద్యోగం దొరికింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. తండ్రీకూతుళ్ళం పొద్దున ప్యాసింజరులో రామగుండం పోయి, సాయంత్రం ప్యాసింజరులో ఇల్లు చేరేవాళ్ళం.

ఆ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ట్రైనింగ్ స్కూల్లో నేర్చుకున్నదానికన్నా తక్కువేమీ కాదు. మంచిర్యాలలో ఒక గుమస్తాగారు ఎక్కేవాడు. పెద్దపల్లిలో ఒక వకీలు దగ్గర పని. తెల్లటి ధోవతి, చంకలో గొడుగు, చేతిలో పేపరు. ఆయన కూర్చోగానే బాపు పేపరు సగం తీసుకునేవాడు. చర్చిలో పాటల పుస్తకం చూస్తూ నేర్చుకున్న అక్షరాలు బాపువి. వేలు పెట్టి మెల్లగా చదివేవాడు కానీ చదివింది మరిచిపోయేవాడు కాదు.

అరవైల చివర్లో పేపరు తెరిస్తే రైల్వే మీదే వాదన. ప్యాసింజరు బండ్లతో నష్టం, గూడ్సుతో లాభం అని కొందరు. మనుషుల కోసమే రైలు అని కొందరు. రైల్వేను రాజకీయ నాయకుడి చేతిలో పెట్టాలా, ఇంజనీర్లకే వదిలెయ్యాలా అని ఢిల్లీలో మాటల యుద్ధం. అదే యుద్ధం మా పెట్టెలోనూ రోజూ సాగేది. వ్యాపారం తెలిసిన గట్టి మనిషిని పైన కూర్చోబెట్టి, నష్టం వచ్చే బండ్లను మొహమాటం లేకుండా తీసెయ్యాలని గుమస్తాగారి వాదం. పైన ఎవరు కూర్చున్నా సరే, ఆ మనిషి ఒకప్పుడు థర్డు క్లాసులో నిలబడి ప్రయాణం చేసినవాడై ఉండాలని బాపు వాదం. గోదావరి వంతెన వచ్చేసరికి ఇద్దరి గొంతులూ పెద్దవయ్యేవి. చుట్టుపక్కలవాళ్ళు ఇటు కొందరు అటు కొందరు చేరిపోయేవాళ్ళు. నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ వినేదాన్ని. ఎవరిది ఒప్పో నాకూ తేల్చుకోవడం కష్టంగానే ఉండేది.

ఒక రోజు రామగుండం స్టేషనులో బోర్డు మీద కాగితం అంటించారు. బొగ్గు రవాణా పెరిగినందువల్ల లైను ఖాళీ చెయ్యాలట, సాయంత్రం ప్యాసింజరును ఆపాలనే ఆలోచన ఉందట. పార్లమెంటు సభ్యులు కొందరు ఈ లైను చూడ్డానికి వస్తున్నారు, అభ్యంతరాలు ఉన్నవాళ్ళు వాళ్ళకు చెప్పుకోవచ్చు. బాపు రెండుసార్లు చదివాడు. ఆ బొగ్గు నింపుతున్నది ఆయనే. ఆయన నింపిన వ్యాగన్లే ఆయన ఇంటికి పోయే బండిని పక్కకు తోస్తున్నాయి.

ఆ సాయంత్రం పెద్దపల్లి నుంచి వచ్చిన బండిలో గుమస్తాగారు పేపరు విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నష్టం వచ్చే బండ్లు తియ్యమన్నవాడి బండే పోతోంది. పెట్టెలో ఒకరిద్దరు ఆయన్ని ఆటపట్టించబోయారు. బాపు చెయ్యెత్తి వారించాడు.

"ఇప్పుడు నవ్వుడు కాదు. రాసుడు. సారు, మీకు ఇంగ్లీషు రాత వచ్చు. అర్జీ మీరే రాయుండ్రి."

గుమస్తాగారు మర్నాటికల్లా రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఏలినవారి పాదాలకు నమస్కరించి, దయతలచి కరుణించవలసిందిగా అంటూ కచేరీ పద్ధతిలో ఉంది. నేను తెలుగులో అర్థం చెప్పాను. బాపుకు నచ్చలేదు. టికెట్ కొని ఎక్కుతున్నవాళ్ళం కాళ్ళు ఎందుకు మొక్కాలన్నాడు. ఉన్నదున్నట్టు రాస్తే చాలన్నాడు. ఉన్నది ఏమిటో మనకు తెలుసా అని గుమస్తాగారు అడిగాడు. ఎంతమంది ఎక్కుతున్నారు, ఎందుకు ఎక్కుతున్నారు, ఎవరైనా చూశారా?

అది నేను చూస్తానని అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అప్పటిదాకా ఆ పెట్టెలో నేను గట్టిగా మాట్లాడిందే లేదు.

పన్నెండు రోజులు ఒక్కో సాయంత్రం ఒక్కో పెట్టె ఎక్కి, హాజరుపట్టీ లాంటి పుస్తకంలో రాశాను. మొదట్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు నన్ను చూసి గంపలు దాచుకున్నారు, పన్ను వెయ్యడానికి వచ్చాననుకుని. వ్యాగన్లలో బొగ్గు నింపే మనిషి బిడ్డనని చెప్పాక నవ్వి పక్కన చోటిచ్చారు. డ్యూటీ దిగి వచ్చే కార్మికులు, కోర్టుకు పోయి వచ్చే రైతులు, దవాఖానలో మనవణ్ణి చూపించుకుని తిరిగి వస్తున్న ఒక అవ్వ. పెద్దపల్లిలో చదువుకుంటున్న ఇద్దరు మంచిర్యాల అమ్మాయిలు కిటికీ దగ్గర కూర్చుని ఉండేవాళ్ళు. వాళ్ళలో చిన్నది నా పుస్తకంలోకి తొంగి చూసి అన్నది, "అక్కా, ఈ బండి బందయితే మా నాయిన నా చదువు బంద్ చేస్తడు. గిది సుత రాయి."

రాశాను. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటే చెవిలో ఉంది.

సభ్యులు వచ్చిన రోజు రామగుండం వెయిటింగ్ రూము కిక్కిరిసిపోయింది. బల్ల వెనుక నలుగురు, అందులో ఒకామె. పక్కన అధికారులు. గుమస్తాగారు నా లెక్కలతో తిరగరాసిన అర్జీ చదివి వినిపించాడు, ఎక్కడా మొక్కులు లేవు. విన్నాక పెద్దవయసు సభ్యుడొకాయన హిందీలో నెమ్మదిగానే అడిగాడు. దేశానికి బొగ్గు అవసరం, కరెంటుకూ ఫ్యాక్టరీలకూ ఆ బొగ్గే ఆధారం, బొగ్గు పనివాళ్ళే దానికి అడ్డం నిలబడితే ఎలా అని.

బాపు లేచి నిలబడ్డాడు. సగం షిఫ్టుకు సెలవడిగి నేరుగా వచ్చాడు, మొహం కడుక్కున్నా కళ్ళ అంచుల్లో బొగ్గు నలుపు పోలేదు. హిందీ అర్థమవుతుంది కానీ తెలుగులోనే మాట్లాడతానన్నాడు. ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. నేను లెక్కల పుస్తకం తెరిచి పట్టుకున్నాను.

"సారు, ఆ వ్యాగన్లు నింపేది నేనే. బొగ్గు ఆపుమని నేనెట్లంట? ఒక గంట ఆలస్యంగ పోయినా బొగ్గు బొగ్గే. దవాఖానకు పోయే మనిషి గంట ఆలస్యమైతే మనిషి మిగులుతడో లేదో. గూడ్సుబండి పక్క లైన్ల నిలబడితే దానికి దూపయితదా, ఆకలయితదా?"

నేను చెప్పాను. మొదటి వాక్యం తడబడింది, తర్వాత గొంతు నిలబడింది. మరి నష్టం ఎవరు భరించాలని ఆ పెద్దాయన అడిగాడు. బాపు బల్ల వైపు ఒక అడుగు వేశాడు.

"రైలు మీద ఎవరు పెత్తనం చెయ్యాల్నని ఢిల్లీల కొట్లాడుతున్నరట. పేపర్ల చదువుతున్న. ఎవ్వలనన్న పెట్టుండ్రి. పెట్టేముందు మా సాయంత్రం బండి ఒక్కపారి ఎక్కించుండ్రి. నష్టం సంగతి అటెన్క మాట్లాడుకుందాం."

ఈ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక కాదు, చెప్పవచ్చునా అని ఆగాను. బాపు నా వైపు చూసి తలూపాడు. ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. తర్వాత ఆ మహిళా సభ్యురాలు చెయ్యి చాచి నా పుస్తకం అడిగి తీసుకుంది. పేజీలు తిప్పి చూసింది. బండి ఎన్నింటికని అడిగింది.

ఆ సాయంత్రం ఆమె నిజంగానే ఎక్కింది. ఒక అధికారిని వెంటబెట్టుకుని మంచిర్యాల దాకా థర్డు క్లాసులో. ఆమెకు చోటివ్వడానికి నలుగురు లేచారు, కానీ ఆమె గోదావరి దాకా నిలబడే ఉంది. వంతెనకు ముందు మా బండిని ఎప్పటిలాగే పక్క లైనులో ఆపారు. బొగ్గు బండి దడదడమంటూ పోయింది, వ్యాగన్ వెనుక వ్యాగన్. లోపల ఉక్క. ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. ఎవరూ ఆమెకు ఫిర్యాదు చెయ్యలేదు, చెయ్యాల్సిన పని లేకపోయింది. ఇలా రోజూ ఆగుతుందా అని ఆమె నన్ను అడిగింది. రోజూ అని చెప్పాను.

కొన్ని నెలలకు కబురు తెలిసింది. బండి ఉంటుంది. పూర్తిగా మేము అడిగినట్టు కాదు, ఒక పెట్టె తగ్గించారు. కానీ వేళ మార్చి జనరల్ షిఫ్టు దిగినవాళ్ళకు అందేలా పెట్టారు. అంతకుముందు బండి కోసం బాపు మోకాళ్ళ నొప్పితో పరుగెత్తేవాడు, ఆ పరుగు తప్పింది. పేపరులో నాలుగు లైన్ల వార్త వచ్చింది. అందులో బాపు మాటలనే ఒక గని అధికారి చెప్పినట్టు వేశారు. గుమస్తాగారికి కోపం వచ్చి పేపరుకు ఉత్తరం రాస్తానన్నాడు. బాపు వద్దన్నాడు. ఫిల్లరు పని చేసినవాణ్ణి పైసా ఖర్చు లేకుండా ఆఫీసరును చేశారని నవ్వి, ఆ నాలుగు లైన్లూ మా అమ్మకు వేలు పెట్టి చదివి వినిపించాడు. అమ్మ ఆ ఆదివారం చర్చికి పోయేటప్పుడు ఆయన చొక్కా ఇస్త్రీ తానే చేసింది.

ఆయన కూతుర్నని చెప్పుకోవడంలో నాకు అంతకుముందూ చిన్నతనం లేదు. కానీ ఆ గదిలో ఆయన మాటకు నా గొంతు అరువిచ్చిన తర్వాత కలిగిన గర్వం వేరు. ఆ ఇద్దరి వాదన మాత్రం ఆగలేదు. డెబ్బైలలో మంత్రులు మారారు, ఆవిరి ఇంజన్ల పక్కన డీజిల్ ఇంజన్లు కనిపించసాగాయి, ప్రతి మార్పుకూ ఇద్దరికీ రెండు వేర్వేరు అభిప్రాయాలు ఉండేవి. గుమస్తాగారు ఓడిపోయానని ఎన్నడూ ఒప్పుకోలేదు, బాపు గెలిచానని ఎన్నడూ అనలేదు.

బండి ఉంటుందని తేలిన నెలలోనే మా బస్తీ ఆడవాళ్ళు ఐదుగురు ఇంటికి వచ్చారు. వీధి నల్లాకు నీళ్ళు రావడంలేదు, అర్జీ రాసిపెట్టమన్నారు. నేను బాపు వైపు చూశాను. ఆయన పేపరులోంచి తలెత్తకుండానే, "ముందుగాల పోయి నల్లా కాడ నిలబడు బిడ్డా. ఎవ్వలకు ఎన్ని బిందెలు వస్తున్నయో చూసి రా," అన్నాడు. కొత్త పుస్తకం తీసుకుని వాళ్ళ వెంట బయలుదేరాను.