పెనుమూడి ఒడ్డున తుడిచెయ్యమన్న ట్రాక్టరు

మీ పిల్లల రంగుల డబ్బాలు అటకెక్కించింది మీరే. బళ్ళో డ్రాయింగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగా ఉంటే, పోనీలే, లెక్కలకి ఇంకో పీరియడు దొరికిందని సంతోషించిందీ మీరే. నా చిన్నప్పుడూ మీలాంటి పెద్దలే ఉన్నారు. అందుకే యాభై దాటాక, నీటిరంగులు ఓనమాల నుంచి నేర్చుకోవడానికి నేను తెనాలి నుంచి కృష్ణ ఒడ్డుకి ప్రయాణం కట్టాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాను. టికెట్టు రెండు టీల ఖర్చుకి మించదు, గంటకి కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. నాతోపాటే రంగులు నేర్చుకునే జ్యోతి కూడా ఉంది. నందివెలుగులో జాకెట్లు కుడుతుంది, వారమంతా మిషను మీదే. ‘ఏ గొడవైనా నా చెవిన పడిందా, అదే నీ ఆఖరి ఆదివారం’ అని వాళ్ళత్తగారు చెప్పి మరీ పంపుతారట. “ఇవాళ ఎవరితోనూ వాదించకండి పిన్నిగారూ” అంది జ్యోతి, కిటికీ పక్కన కూర్చుంటూనే. నా సంగతి ఆమెకి తెలుసు.

రేపల్లె స్టేషను బయట మాకు నేర్పే మాస్టారు ఎదురుచూస్తున్నారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు, బాపట్ల నుంచి బస్సులో వస్తారు. ముగ్గురం షేర్ ఆటోలో పెనుమూడి వెళ్ళి, వంతెన కనిపించే చోట గట్టు మీద చాప పరిచాం.

“కాగితం తడపండి. రంగు పల్చగా, పైనుంచి కిందికి. ఆరేదాకా చేతులు కట్టుకు కూర్చోండి” అన్నారు మాస్టారు. “తెల్లరంగు ముట్టుకోవద్దు. నీటి మీద వెలుగు కావాలంటే అక్కడ కాగితాన్నే వదిలెయ్యాలి.”

వదిలెయ్యడం నాకు చేతకాదు. నా కాగితం నిండా నీలమే. “ఏంటండీ, కృష్ణలో సిరాబుడ్డి ఒంపారా?” అన్నారాయన. జ్యోతి మాత్రం వెలుగుని చక్కగా వదిలింది. దూరంగా ఉన్నది పల్చన, దగ్గర ఉన్నది ముదురు అని పాఠం. దగ్గర్లో ముదురుగా ఉన్నది ఇసుక ఎత్తుతున్న ట్రాక్టరు. ఆమె దాన్నే వేసింది.

కాసేపటికి ట్రాక్టరు దగ్గరి నుంచి ఒకతను వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

“ఏంటమ్మా, మా బండి వేస్తన్నావు? ఎవరు పంపారు?”

“ఎవరూ పంపలేదన్నా. నేర్చుకుంటున్నాం.”

“నేర్చుకో. వంతెన వేసుకో, పడవ వేసుకో. బండి తుడిచెయ్.”

“నీటిరంగు తుడిస్తే పోదన్నా. మరక మిగులుద్ది.”

అతను బొటనవేలు నీళ్ళకప్పులో ముంచి బొమ్మ మీద రుద్దాడు. కాగితం నూగు లేచింది. ట్రాక్టరు పోలేదు. దాని మట్టిరంగు జ్యోతి వదిలిన వెలుగు మీదంతా పాకింది.

నేను లేచాను. “ఇసుకకి పర్మిషన్ ఉంటే బొమ్మకి భయమెందుకయ్యా?”

“కూర్చోండమ్మా” అన్నారు మాస్టారు నెమ్మదిగా.

“మీరుండండి మాస్టారూ. చెప్పవయ్యా, ఉందా?”

అతను నన్ను దాటుకుని ముందుకొచ్చాడు. జ్యోతిని ఫోనులో ఫొటో తీశాడు. ఆమె సంచి మీదున్న కుట్టుషాపు పేరూ ఊరూ చదివాడు. “నందివెలుగా? అక్కడ మావాళ్ళున్నారు. నువ్విట్టా తిరుగుతున్నట్టు మీ ఇంట్లో తెలుసా?”

జ్యోతి కుంచె కడిగేసింది. ఆ పూట మళ్ళీ ఎవరం రంగు ముట్టుకోలేదు.

తిరుగు రైల్లో ఆమె ఫోను మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది.

“అవునండత్తయ్యా. గొడవైందండి.” అటునుంచి గొంతు నాకూ వినిపిస్తోంది. “లేదండి, నేను తప్పేం చెయ్యలేదు. ఇంటికొచ్చి మాట్లాడతానండి.” ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది. “వచ్చే ఆదివారం మాత్రం వెళ్తానండి.”

“ఏమన్నారు?” అన్నాను.

“ఏమీ అనలేదు పిన్నిగారూ. పెట్టేశారు.”

నోరు మూసుకుంటే పోయేదిగా అని మీరు నన్నంటారు. తెనాలి దాకా నేనూ అదే ఆలోచించాను. అరిచింది నేను, ఫోను మాత్రం వెళ్ళింది జ్యోతి ఇంటికి. ఆమెని నిలదీసేవాళ్ళు అక్కడున్నారని అతనికి తెలుసు. అలా నిలదీసే ఇళ్ళు మనవే. ఇక, నేర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట: మందపాటి కాగితం కొనుక్కోండి, మామూలుది తడికి ముడుచుకుపోతుంది.

నేను అడుగుతున్నవి ఇవి:

– ప్రతి బడికీ డ్రాయింగు మాస్టారిని వెయ్యండి.

– ఆ పీరియడుని లెక్కలకి ఇవ్వకండి.

– నది ఒడ్డున బొమ్మ వేసుకునేవాళ్ళని ‘ఎవరు పంపారు’ అని అడగకండి.

– జ్యోతితో చెప్పాల్సిందేమైనా ఉంటే జ్యోతికే చెప్పండి. ఆమె ఇంటికి ఫోను చెయ్యకండి.