శ్యామ్ సుందర్ మాస్టారి ఓవర్‌స్పీడు చలానా

ప్రత్తిపాడులో శ్యామ్ సుందర్ మాస్టారి కారుకి హారన్ దండగ అంటారు. ఎదురొచ్చినవాడు పక్కకి తప్పుకోవడానికే కాదు, తప్పుకునే ముందు ఆగి, బీడీ వెలిగించుకుని, మాస్టారికి ఓ దణ్ణం పెట్టుకోవడానికి కూడా కావలసినంత వ్యవధి ఉంటుంది. మిరపకాయల టిక్కీ బస్తాలు కొండలా పేర్చుకుని గుంటూరు యార్డుకి పోయే ట్రాక్టర్లు ఆయన్ని దాటేసి పోతాయి. దాటేటప్పుడు డ్రైవర్లు చెయ్యెత్తి మరీ పలకరిస్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేది ఆయన. చర్చిలో సంఘ పెద్ద. రోడ్డు భద్రతా వారోత్సవాల్లో పిల్లలందరినీ ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించేది కూడా ఆయనే. అలాంటి మనిషి ఫోన్‌కి, మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం మెసేజ్ వచ్చింది. తమిళనాడులో ఆయన కారు పరిమితి మించిన వేగంతో పోయిందట. గంటకి నూట పద్దెనిమిది కిలోమీటర్లు. జరిమానా కట్టమన్నారు.

శ్యామ్ సుందర్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు. అంకె మారలేదు.

ఆ రోజు కారు నడిపింది ఆయన కాదు, ఆయన భార్య ప్రేమమ్మ. ఆయన కళ్లు చూపించడానికి ఇద్దరూ వేలూరు వెళ్లారు. అక్కడ డాక్టరు కంట్లో చుక్కలు వేసి, సాయంత్రం దాకా చూపు మసకగా ఉంటుందని చెప్పి పంపాడు. అందుకని తిరుగు ప్రయాణంలో ప్రేమమ్మ స్టీరింగ్ పట్టుకుంది. ఈయన నల్లద్దాలు పెట్టుకుని, పక్క సీటు వెనక్కి వాల్చుకుని, గురక పెట్టాడు. మెలకువ వచ్చి, "ఎక్కడున్నాం?" అంటే, "తడ దాటామండీ, ఆంధ్రాలోకి వచ్చేశాం" అంది.

"అప్పుడేనా?"

"మీరు బాగా నిద్రపోయారు లెండి."

ఆ 'అప్పుడేనా'కి జవాబు ఇదిగో, ఇన్నాళ్లకి ఫోన్‌లో వచ్చింది.

ప్రేమమ్మకి లైసెన్సు ఉందన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. కారు కొన్న ఏడాదే ఆయనే ఆమెను గుంటూరులో డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాడు, అవసరానికి పనికొస్తుందని. ఆ అవసరాన్ని మాత్రం ఊరి పొలిమేరల్లోకి రానివ్వలేదు. భార్య నడుపుతుంటే మగవాడు పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారని ఆయన భయం. ఆ నలుగురూ ఎవరని అడిగితే ఆయన పేర్లు చెప్పలేడు. ప్రేమమ్మ పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద ఆటో కోసం నిలబడుతుంది. కారేమో రేకుల షెడ్డు కింద పాత దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. దూర ప్రయాణాల్లో మాత్రం ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. ఒంగోలు దాటాక స్టీరింగ్ ఆమెది, తిరిగొచ్చేటప్పుడు ఒంగోలు రాకముందే ఆయనది. ఒంగోలు దాకా చుట్టాలున్నారు, తెలిసిన సంఘాలున్నాయి, పాత విద్యార్థులున్నారు. ఆ తర్వాత ఈయన పరువు ఎవడికీ పట్టదు.

మెసేజ్ చూపించడానికి ఆయన నజీర్ దగ్గరికి వెళ్లాడు. బస్టాండు పక్కన నజీర్‌ది సెల్‌ఫోన్ల కొట్టు. కొట్టుకి ఆనుకునే టీ బంకు ఉంది కాబట్టి, అక్కడ ఒకడికి చెబితే పదిమందికి చెప్పినట్టే.

నజీర్ చదివి పకపకా నవ్వాడు. "లింకు నొక్కకండి మాస్టారూ. ఫ్రాడ్ గాళ్లు. నొక్కారంటే అకౌంటు ఊడ్చేస్తారు."

"నంబరు మన కారుదేగా?"

"నంబరు ఎవడికైనా దొరుకుద్ది. కానీ వాడికి మీ సంగతి తెలీదు, పాపం. తెలిస్తే ఇంకేదన్నా పెట్టేవాడు. రోడ్డుకి అడ్డంగా ఉన్నారని ఫైన్ అంటే నేనే నమ్మేవాణ్ణి."

టీ తాగుతున్నవాళ్లందరూ నవ్వారు. శ్యామ్ సుందర్ కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు ముఖానికి అతకలేదు. ఇన్నేళ్లుగా వింటున్న వేళాకోళమే. అయినా ఆ పూట ఎందుకో గుచ్చుకుంది. ప్రభుత్వం వారి వెబ్‌సైట్లోనే చూడమని పట్టుబట్టాడు. నజీర్ విసుక్కుంటూ కారు నంబరు కొట్టాడు. తెర మీద ఫోటో వచ్చింది. వెనక నుంచి తీసిన ఫోటో. ఎవరు నడుపుతున్నారో కనపడదు గాని, డిక్కీ మీద సొట్ట కనపడుతోంది, నంబరు కనపడుతోంది, పక్కన నూట పద్దెనిమిది అని కనపడుతోంది.

నవ్వులు ఆగాయి. నజీర్ తెరని చూశాడు, ఆయన్ని చూశాడు. "మీరే నడిపారా మాస్టారూ?"

సరిగ్గా అక్కడ, ఒకే ఒక్క మాటతో పోయేదానికి, శ్యామ్ సుందర్ నోరు తెరిచి ఇలా అన్నాడు: "మరింకెవరు నడుపుతారయ్యా?"

అబద్ధం కాదు కదా, ప్రశ్నే కదా అని ఆ తర్వాత తనకి తాను సర్ది చెప్పుకున్నాడు. లెక్కల మాస్టారు మరి, ఏది తీసేస్తే ఏం మిగులుతుందో ఆయనకి తెలుసు. ఎవరో కుర్చీ లాగి వేశారు. ఇంకెవరో టీ చెప్పారు. అంత స్పీడులో భయం వెయ్యలేదా అని అడిగారు. "భయమెందుకు? చెయ్యి స్థిరంగా ఉండాలంతే. రోడ్డు ఖాళీగా ఉంటే కాలు దానంతటదే దిగుతుంది," అన్నాడు. ఆ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆయనకే తెలియదు. కంట్లో చుక్కల సంగతి మాత్రం జాగ్రత్తగా దాచాడు.

మర్నాటికల్లా గోరంత కొండంత అయింది. స్టాఫ్ రూములో చప్పట్లు కొట్టారు. పోలీసు జీపు వెంటపడినా అందలేదని ఒక క్లాసు పిల్లలు ఇంకో క్లాసుకి చెప్పుకున్నారు. ట్రాక్టర్ల వాళ్లు కూడా అద్దంలో ఆయన కారు కనపడగానే పక్కకి జరిగి దారివ్వడం మొదలుపెట్టారు. దారిచ్చాక దాటకపోతే బాగుండదు. పాపం ఆయన, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఎప్పుడూ తొక్కనంత తొక్కి దాటాడు. ఇంటికొచ్చి కారు మీద దుప్పటి కప్పాడు. ఇంత బతుకూ బతికి, పక్కవాడి చలానా కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నావేరా అని తన్ను తాను తిట్టుకున్నాడు. పక్కవాడిది కూడా కాదు, పక్కావిడది.

ప్రేమమ్మ అన్నీ వింటూనే ఉంది. అంగన్‌వాడీకి పిల్లల్ని దింపే తల్లులు సైతం వచ్చి చెబుతుంటే వినక ఏం చేస్తుంది. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, "అంత స్పీడుగా పోతుంటే మీకెలా అనిపించిందండీ?" అని అడిగింది.

తేలు కుట్టిన దొంగలా ఆయన పప్పు కలుపుకుంటూ ఉండిపోయాడు.

"నాకైతే ముందు చేతులు చల్లబడ్డాయి," అంది ప్రేమమ్మ. "తప్పని తెలుసు. స్పీడు ముల్లు చూశాను కూడా. కానీ ఆపబుద్ధి కాలేదండీ. పెళ్లయినకాడి నుంచీ ఎవరో ఒకరు తీసుకెళ్తే వెళ్లడమేగా. ఆ కాసేపూ నేనే పోతున్నట్టుంది." గరిటె గిన్నెలో పెట్టి అంది: "ఫైన్ నా డబ్బుల్లోంచి కట్టండి. మళ్లీ అంత స్పీడు పోను. కానీ ఆదివారం చర్చికి నేను నడుపుతాను."

"ఇప్పుడా? ఇప్పుడే వద్దులే. కాస్త సద్దుమణగనీ."

"ఏది సద్దుమణగాలి?"

ఆయన దగ్గరున్న జవాబు పైకి చెప్పేది కాదు. ఇప్పుడు ప్రేమమ్మ ఊళ్లో కారు నడిపిందంటే, చలానా ఎవరిదో టీ బంకు దగ్గర అరనిమిషంలో తేల్చేస్తారు. ప్రేమమ్మ ఆయన ముఖం చూసి, మజ్జిగ పోసి లోపలికి వెళ్లిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని వాళ్లమ్మ అనేది. ఈయన కాలు కడుక్కునే పని కూడా పెట్టుకోలేదు. అడుసులోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆదివారం వచ్చింది. కారు ఆయనే నడిపాడు. చర్చిలో పాస్టరు వాక్యం చెప్పే ముందు సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటుంటుంది. ఆ వారంలో దేవుడు చేసిన మేలు ఏదో, తాము చేసిన తప్పు ఏదో, చెప్పాలనుకున్నవాళ్లు లేచి చెబుతారు. ఒకావిడ బిడ్డకి జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయన బోరులో నీళ్లు పడ్డాయని చెప్పాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు చాపల మీంచి ప్రేమమ్మ లేచింది.

"ప్రభువుకి స్తోత్రం," అంది ప్రేమమ్మ. "వేలూరులో మాస్టారికి కంట్లో చుక్కలు వేశారు. ఆయనకి కనపడకపోతే కారు నేను నడిపాను. నడుపుతూ నడుపుతూ స్పీడు మించిపోయాను. అందరూ అనుకుంటున్న ఆ చలానా నాది. నన్ను క్షమించమని దేవుణ్ణి అడిగాను. మీకూ చెబుతున్నాను."

పాస్టరు జక్రయ్యగారు మంచి మనిషి, కాని కళ్లలో నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆయన కండువా కొసతో కళ్లద్దుకున్నాడు. "చూశారా సంఘమా!" అన్నాడు వణికే గొంతుతో. "భర్త చేసిన నేరాన్ని ఈ తల్లి తన మీద వేసుకుంది! ఇతరుల పాపభారం మోయడమంటే ఇది కాదా?"

"ఆమేన్!" అన్నారు అందరూ.

"కాదండీ అయ్యగారూ," అంది ప్రేమమ్మ కంగారుగా. "నిజంగానే నేనే. నాకు లైసెన్సుంది."

"ఇంకా ఒప్పుకోవడం లేదు చూడండి. అదీ త్యాగమంటే!"

మళ్లీ ఆమేన్. కొందరు ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు. శ్యామ్ సుందర్ పక్కన కూర్చున్నాయన ఆయన మోకాలు తట్టి, "అదృష్టవంతులండీ," అన్నాడు.

అదృష్టమే. ఆయన కదలకుండా కూర్చుంటే చాలు. స్పీడు బిరుదు ఆయనకే ఉంటుంది, పైపెచ్చు సాధ్వికి మొగుడన్న పేరు కూడా. ఏ తిప్పలూ లేకుండా గట్టెక్కినట్టే. ఆయన ప్రేమమ్మ వైపు చూశాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది, చెంగు వేలికి చుట్టుకుంటూ. ఆమె ముఖంలో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడు. కోపం లేదు. తప్పు చేశానన్నా నమ్మకపోతే ఇంకేం చెయ్యాలో తెలియని మనిషిలా ఉంది. ఆయనకి తన మీద తనకి అసహ్యం వేసింది.

లేచాడు. "అయ్యగారూ, ఆమె చెప్పింది నిజం. కారు ఆమే నడిపింది. నేను పక్కన గురక పెట్టాను. ఊరంతా నన్ను పొగుడుతుంటే నోరు మూసుకున్నాను. మూసుకోవడం కూడా కాదు, కోతలు కోశాను."

జక్రయ్యగారు చేతులు రెండూ పైకెత్తాడు. "భార్య మాట నిలబెట్టడానికి భర్త తన పేరు వదులుకుంటున్నాడు! దంపతులంటే వీళ్లమ్మా!"

ఈసారి ఆమేన్ రోడ్డు దాకా వినపడింది. వారం రోజులు అబద్ధాన్ని అంత బాగా సాగు చేసినవాడికి ఇంతకన్నా పంట ఏం వస్తుంది. నిజం చెప్పడానికి కూడా పనికిరాకుండా పోయానే అనుకుంటూ శ్యామ్ సుందర్ కూలబడ్డాడు.

కూడిక అయ్యాక అందరూ బయట వేపచెట్టు కింద చేరారు. శ్యామ్ సుందర్ కారు దగ్గరికి వెళ్లి, జేబులోంచి తాళాలు తీసి, అందరూ చూస్తుండగా భార్య ముందు చెయ్యి చాపాడు. ప్రేమమ్మ తాళాల వంక చూసింది.

"ఇక్కడా?" అంది నెమ్మదిగా.

"ఇక్కడే."

ఆమె ఎక్కింది. సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. గేటు దగ్గర రెండు బైకులు, ఒక ఆటో అడ్డంగా ఉన్నాయి. వాటి మధ్యలోంచి వెనక్కి తీసి, మలుపు తిప్పి, రోడ్డు మీదికి తెచ్చి ఆపింది. ఆ సందులోంచి ఈయన తీయాలంటే ముందు బైకులు జరపాలి, తర్వాత ఆటోవాణ్ణి వెతకాలి. జక్రయ్యగారి నోట ఆమేన్ రాలేదు.

మొదట కదిలింది మహిమమ్మ. మిరప కోతలకి పోయే ముసలమ్మ, మోకాళ్లు పట్టేసి చర్చికి కర్ర ఊతంతో వస్తుంది. "అమ్మా ప్రేమా, నన్ను కాలనీ దగ్గర దింపుతావా?" అంటూ ముందు సీట్లో కూర్చుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక ఇంకో ఇద్దరు, ఒళ్లో పిల్లలతో. తలుపులు మూసుకునేసరికి కారులో ఆయనకి చోటు లేదు. ప్రేమమ్మ కిటికీలోంచి ఇబ్బందిగా చూసింది.

"నేను నడిచొస్తాలే," అన్నాడు.

బైబిలు చంకలో పెట్టుకుని ఎండలో నడిచాడు. పత్తి పీకేసిన చేలు అటూ ఇటూ బోసిగా ఉన్నాయి. వెనకనుంచి ట్రాక్టరు వచ్చి ఆగింది. చేలోంచి కల్లానికి మిరపకాయలు తోలుతున్న సాయిగణేష్, ఒకప్పుడు ఆయన దగ్గర లెక్కలు తప్పినవాడే.

"కారేదండీ మాస్టారూ?"

శ్యామ్ సుందర్ బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "మా ఆవిడ నడుపుకుంటూ వెళ్లిందిరా," అన్నాడు. అని, నవ్వు కోసం ఎదురుచూశాడు.

"ఓహో. మరెక్కండి, ఎండగా ఉంది," అన్నాడు సాయిగణేష్.

అంతే. వాడు నవ్వలేదు. ఆశ్చర్యపోనూ లేదు. శ్యామ్ సుందర్ మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ఇంతేనా అనుకున్నాడు. ఈ ఒక్క మాటకా ఇన్నేళ్లు భయపడింది? ఈ మాట అనలేకనా ఆ మనిషిని రోజూ క్యారేజీతో రోడ్డు మీద ఆటో కోసం నిలబెట్టింది? వానలోనూ నిలబడింది. ఒక్కరోజు కూడా ఇదేమిటని అడగలేదు. ఆయనకి కళ్లు మండి నీళ్లు కారాయి.

సాయిగణేష్ వెనక్కి తిరిగి చూశాడు. "మిరప ఘాటండీ. మీకు అలవాటు లేదు కదా, కాస్త తువ్వాలు అడ్డం పెట్టుకోండి."

"ఘాటు కాదురా," అన్నాడు శ్యామ్ సుందర్.