వెలుగుకు పెట్టిన గుర్తు

మా వీధిలో అందరికీ ఆమె అద్దాల వదిన. పన్నెండేళ్లుగా కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించడమే ఆమె పని. నెలాఖరుకు ఆ కొట్టు మూసేస్తున్నారు. ఇక ఏం చేయాలా అని తల పట్టుకుని కూర్చున్న రోజుల్లోనే బడిలో సైన్సు చెప్పే టీచరు వచ్చి, ఒక పనిముట్టు చేసిపెట్టమంది. అది పనిచేస్తే లాబ్‌లో ఉద్యోగం ఇమ్మని హెడ్మాస్టరును అడుగుతానంది.

పనిముట్టు చిన్నదే. సన్నటి తీగ, దానికి అటూ ఇటూ చలవ కళ్లద్దాల ఫిల్ము ముక్కలు. లేజర్ వెలుగు తీగకు రెండు పక్కల నుంచీ వెళ్లి, మళ్లీ కలిసి గోడ మీద చారలు గీస్తుంది. ఏ పక్క నుంచి వెళ్లిందో ఫిల్ములు గుర్తు పెడితే, ఆ చారలు మాయమవ్వాలి.

తీరా హెడ్మాస్టరు లాబ్‌లోకి వచ్చి కూర్చున్నాక చారలు చెక్కుచెదరలేదు.

"మాయమవుతాయన్నారు?" అన్నాడాయన, గడియారం చూసుకుంటూ.

వదిన పనిముట్టు విప్పి కిటికీ వైపు పట్టి చూసింది. ఆ ఫిల్ము ఒక్క వాటంలో ఊగే వెలుగునే పోనిస్తుంది కాబట్టి, కళ్లద్దాల్లో రెండు ఫిల్ములూ ఒకే వాటంగా ఉండాలి. లేకపోతే కొన్నవాడు కొట్టు మీదికి వస్తాడు. చేతులు అలవాటు కొద్దీ ఇక్కడా అలాగే అతికించేశాయి. కవలలిద్దరికీ ఒకే గౌను తొడిగితే ఎవరెవరో తెలిసేదెలా?

"తప్పు నాదే టీచరమ్మా. ఒక్క నిమిషం."

ఒక ముక్క ఊడదీసి, అడ్డంగా తిప్పి అతికించింది. అంతే, చారలు తుడిచేసినట్టు పోయాయి. గోడ మీద ఎర్రటి మరక మాత్రం మిగిలింది.

"ఏ పక్క నుంచి వెళ్లిందో ఎవరూ చూడలేదే. మరి వెలుగుకెలా తెలిసింది?" హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు.

"చూడక్కర్లేదండీ," అంది టీచరు. "ఏ పక్క నుంచి వచ్చిందన్న సమాచారం వెలుగు వెంట ఉంటే చాలు."

"మా ఆవిడా అంతే. నేను నోరు విప్పకపోయినా చొక్కా చూసి ఎక్కడికెళ్లొచ్చానో చెప్పేస్తుంది."

"అయితే ఆ చొక్కా ఉతికేద్దాం," అంటూ వదిన మూడో ముక్కను ఏటవాలుగా, తీగ దాటి వచ్చిన వెలుగుకు అడ్డం పెట్టింది. ఏ పక్కదన్న గుర్తు చెరిగిపోయి, చారలు మళ్లీ వచ్చి కూర్చున్నాయి. తీసింది, పోయాయి. పెట్టింది, వచ్చాయి.

గంట మోగినా హెడ్మాస్టరు కదల్లేదు. ఆ ముక్క తీసుకుని తనే నాలుగుసార్లు పెట్టి చూశాడు.

"సోమవారం నుంచి వచ్చేయమ్మా."

"వస్తానండీ," అంది వదిన, కళ్లు గోడ మీదే ఉంచి. "ముందు ఆ ముక్క ఇటివ్వండి. నేనింకా తనివితీరా చూడలేదు."