నేను వేసిన అయిదు

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త కొడుకు, మా బావ, పోయాడని ఫోనొచ్చింది. నాకు మొదట ఏడుపు రాలేదు. ఇందులోనూ నాకంటే ముందే వెళ్లాడనిపించింది. నా బుద్ధి అలాంటిది, దాచుకోవటం దేనికి.

మైలవరం నుంచి ఉద్యోగాలకని హైదరాబాద్ వెళ్లి, ఇద్దరం ఒకే రోజు గోల్ఫ్ స్టిక్ పట్టుకున్నాం. నేను ఆఫీసు వదల్లేకపోయాను. బావ వదిలేసి ఆటనే వృత్తి చేసుకున్నాడు. మా వైపు అప్పటికి అలాంటివాళ్లు నాకు తెలిసి లేరు. సెలవులకు ఊరొస్తే కోతలయిన చేలో బంతులు కొట్టేవాడు. ఈ బిళ్లంగోడు కూడు పెడుతుందా అని మా మేనత్త గొణిగేది. బంతి గట్లు దాటి పోతుంటే నాకు కడుపు మండేది.

గోల్ఫ్‌లో బంతిని ఒక్కో గుంటలో, అంటే హోల్లో, ఎంత తక్కువ షాట్లతో పడేస్తే అంత గొప్ప. మన స్కోరు కార్డు తోటి ఆటగాడు రాస్తాడు. మనం చూసుకుని సంతకం పెట్టాలి. పెట్టాక, కొట్టినదానికంటే ఎక్కువ రాసి ఉన్నా అదే ఖాయం. ఒక పెద్ద పోటీకి ఎంపికలు జరుగుతుంటే నాలాంటి అమెచ్యూర్లనూ ఆడనిచ్చారు. బావ కార్డు నా చేతికొచ్చింది, నాది బావ చేతికి. పద్నాలుగో హోల్ బావ నాలుగు షాట్లలో ముగించాడు. కార్డు మీద నేను అయిదు వేశాను. చెయ్యి జారలేదు, తెలిసే వేశాను. నేను రాశానన్న ధీమాతో బావ చదవకుండా సంతకం పెట్టాడు. ఒక్క షాట్ తేడాతో ఆ పోటీ పోయింది. చూసుకోకపోవటం తన తప్పేనని అధికారులతో అన్నాడు తప్ప నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడాడు, కొన్ని గెలిచాడు. చివరికి బెజవాడ వచ్చి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద వల కట్టి పిల్లలకు నేర్పాడు. సంతకానికి ముందు ప్రతి అంకె చదవాలని వాళ్లకు రోజూ చెప్పేవాడట. నేను వెళ్లిన రోజు మాత్రం ఆ పాఠం ఉండేది కాదు. ఆ మంచితనం కూడా నాకు కంటగింపే. ఒక్కసారి తిట్టి ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్లం.

పోయిన నెల బావ జబ్బుపడితే మంచం పక్కన కూర్చుని చెప్పేశాను.

“బావా, ఆ రోజు పద్నాలుగో హోల్లో నువ్వు కొట్టింది నాలుగే. తెలిసే అయిదు వేశాను.”

“తెలుసులేరా బామ్మర్దీ, కొట్టింది నేనేగా,” అన్నాడు. మళ్లీ తనే, “నువ్వు మూడింట్లో కొట్టావు. నీ కార్డు రాసింది నేను. ఎంత బాగా ఆడావురా ఆ హోలు!” అన్నాడు.

నాకది గుర్తే లేదు. మోయలేనంత కృతజ్ఞతతో ఇప్పుడు కళ్లు మూసుకుని వెతుకుతున్నాను. ఆ పచ్చికలో నా బంతి ఎక్కడా కనబడదు. బావ బంతి మాత్రం గట్లు దాటి పోతూనే ఉంది.