నాలుగు వందల పన్నెండు అంచులు

నగరిలోని నేతగాళ్ల సంఘం ఆఫీసులో స్టెల్లా పదకొండేళ్లుగా కంప్యూటర్ పని చూస్తోంది. మగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి. పాత చీర అంచుల డిజైన్లు గీసిన కాగితాలన్నీ స్కాన్ చేసి దాచాలన్నది ఆమె సొంత ఆలోచన. నేసినవాళ్ల పేరు, తండ్రి పేరు, వీధి, ఏడాది, రంగులు అన్నీ తెలుగులోనే ఫైలు పేరుగా రాసేది. "పేరు లేకుంటే ఎవురిదని తెలుస్తాది?" అనేది.

పాత కంప్యూటర్ మొరాయిస్తోందని కొత్తది కొన్నారు. పాతదానిలో ఉన్నదంతా తుడిచేసి దాన్ని బడికి ఇవ్వాలనుకున్నారు. ఫోల్డర్లన్నిటిలోకీ వెళ్లి, ఉన్నవాటిని కొత్తదానిలోకి చేర్చేలా స్టెల్లా ఒక చిన్న స్క్రిప్టు రాసింది. మధ్యాహ్నానికి పని ముగిసింది. తెర మీద ఎక్కడా తప్పు చూపలేదు.

"అయిపోయింది కదా, పాతదాన్ని తుడిసెయ్. ఆటో వచ్చి ఉండాది," అన్నాడు సంఘం కార్యదర్శి హరినాథ్.

"రొంత ఉండండి సార్. లెక్క సూసుకుంటాను."

ఆరు వేల పైచిలుకు ఫైళ్లలో నాలుగు వందల పన్నెండు రాలేదు. స్క్రిప్టు తెరిచి చూస్తే తప్పు తనదే. ఏ ఫైలు దగ్గర అడ్డం వచ్చినా ఆగకుండా ముందుకు పొమ్మని తనే రాసింది. అది చెప్పాపెట్టకుండా వదిలేసుకుంటూ పోయింది.

ఆ ఒక్క లైను తీసేసి మళ్లీ నడిపితే మొదటి అడ్డం దగ్గరే ఆగింది. ఫైలుకు చేరే దారి మరీ పొడుగైందట. డ్రైవు నుంచి ఫోల్డర్ల పేర్లు దాటుకుని ఫైలు పేరు చివరిదాకా కలిపితే రెండు వందల అరవై అక్షరాల లోపే ఉండాలి. గుడి, కొమ్ము కూడా ఒక్కో అక్షరం కిందే లెక్క. రానివాటిలో నాలుగేళ్ల క్రితం పోయిన తన నాయన ఓబయ్య వేసిన రుద్రాక్ష అంచు కూడా ఉంది. స్కాన్ చేసిన తర్వాత దాని కాగితాన్ని చెదలు తినేశాయి.

"పేర్లు కత్తిరించి నంబర్లు పెడితే సాలదా?" అన్నాడు హరినాథ్.

 పాతదానిలో ఇమిడిన పేర్లు కొత్తదానిలో ఎందుకు ఇమడలేదని స్టెల్లా వెతికింది. హరినాథ్ చెప్పాడని అందులో తను తెరిచిన ఫోల్డర్లు కనిపించాయి. సంఘం పూర్తి పేరు, దాని లోపల ఆఫీసు చిరునామా, దాని లోపల రిజిస్టరు నంబరు, ఆ లోపల కార్యదర్శి పేరు. దారిలో సగం వాటికే పోయింది.

డ్రైవులో అన్నిటికంటే పైన 'అంచు' అని ఒకే ఫోల్డర్ తెరిచి, స్క్రిప్టును అటు తిప్పింది. ఇరవై నిమిషాల తర్వాత రెండు లెక్కలూ సరిపోయాయి. ముందుగా నాయన అంచు తెరిచి, ఎరుపు సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

"ఏ పేర్లు కత్తిరించినావు?" హరినాథ్ అడిగాడు.

"సంఘం పేరు సార్. నేసినోళ్లవి అట్లే ఉండాయి."

"నా పేరు?"

"మీదీ పోయింది సార్."

ఆయన నవ్వి, ఆటోను రేపు రమ్మని పంపేశాడు. స్టెల్లా మర్నాడు మరోసారి లెక్క చూసుకున్నాకే పాతదాన్ని తుడిచింది. ఇప్పుడు ఏ స్క్రిప్టు నడిపినా ముందు దారుల పొడుగు కొలుస్తుంది. అడ్డం వస్తే ఆగమనే రాస్తుంది.