వేలిముద్ర వేసిన మనిషి సంతకం

పోయిన నెల యర్రగుంట్ల దగ్గర ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్లాను. తిరుగుతున్న రంపం మీద నీళ్లు పడి, తడిసిన రాతిపొడి వాసన ముక్కుకు తగలగానే మస్తాన్ వలీ సార్ గుర్తొచ్చారు. కర్నూలులో ఆయన దగ్గర ఆరేళ్లు జూనియర్‌గా పనిచేశాను. కార్మికుల కేసుల్లో ఆయన యాజమాన్యాల తరఫున వాదించేవారు. "ఫ్యాక్టరీ చూడకుండా కేసుకు కౌంటరు రాయొద్దమ్మా" అని నన్ను ఇలాంటి దుమ్ములోకి మొదట తీసుకెళ్లింది ఆయనే. తెల్లచొక్కా బూడిదరంగుకు తిరిగేదాకా మిషన్ల మధ్య తిరిగేవారు.

నాకు ఆయన అప్పగించిన మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ నాగప్ప అనే కార్మికుడిది. చెప్పకుండా పన్నెండు రోజులు పనికి రాలేదని ఫ్యాక్టరీ అతన్ని తీసేసింది. బిడ్డ ఆసుపత్రిలో ఉందని మేస్త్రీకి చెప్పే వెళ్లానంటాడు అతను.

"సెలవు చీటీ రాసిచ్చారా?" అని అడిగాను.

"లేదు మేడమ్. నోటితో చెప్పినా."

"విచారణకు రమ్మని నోటీసు ఇస్తే ఎందుకు రాలేదు?"

"నాకు ఏ నోటీసూ రాలేదు మేడమ్."

అబద్ధమనుకున్నాను. నోటీసు అందుకున్నట్టు అతని సంతకం మా ఫైల్లో ఉంది. వచ్చే వాయిదాకు దాన్ని కోర్టులో పెట్టడమే మిగిలింది. గెలిచేశామన్న హుషారులో ఆఫీసుకొచ్చి సార్‌కు అంతా చెప్పాను.

ఆయన టీ తాగుతూ విని, "సాక్ష్యం అయినాక ఆ వాంగ్మూలం కాగితం మీద సంతకం ఎట్ల చేసినాడమ్మా?" అన్నారు.

ఫైలు మళ్లీ తెరిచాను. నాగప్ప వేలిముద్ర వేశాడు. నా కళ్లముందే వేశాడు. మా ఫైల్లోని నోటీసు మీద మాత్రం గుండ్రటి అక్షరాల సంతకం.

మరుసటి రోజు సార్ యజమానిని పిలిపించారు. "ఈ కాగితం నేను కోర్టులో పెట్టనప్పా. ఆ మనిషిని పనిలోకి తీసుకో."

"మీరు యాడ ఉండారు సార్? మా పక్కనా, వాని పక్కనా?"

"నీ పక్కనే. నీకు మంచి చెప్పేదానికే ఈడ కూర్చున్నా."

యజమాని తన ఫైళ్లన్నీ తీసుకుని మెట్లు దిగిపోయాడు. మా బీరువా సగం ఖాళీ అయింది. ఉండబట్టలేక, "నాగప్ప లాయరుకు ఒక మాట చెప్తే?" అన్నాను. సార్ గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే.

"తప్పు! దొంగ కాగితం కోర్టుకు ఇయ్యకూడదు. నమ్మి ఇచ్చిన కాగితం బయటా పెట్టకూడదు. రెండూ మోయలేకుంటే ఈ పని ఇడిసిపెట్టు."

తర్వాత రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. కోర్టు వరండాలో నాగప్ప ఎదురైతే తల తిప్పుకునేదాన్ని. చివరికి వేరే లాయరు ద్వారా రాజీ మెమో దాఖలైంది, అతను పనిలో చేరాడు. యజమాని మాత్రం మళ్లీ మా మెట్లెక్కలేదు. ఆ సంగతి చెప్తే సార్ నవ్వి, "మాట విన్న్యాడు కదమ్మా, సాలు" అన్నారు.

సార్ పోయి మూడేళ్లయింది. కడపలో నా సొంత ఆఫీసులో ఇప్పుడు నేనూ యాజమాన్యాల తరఫునే వాదిస్తున్నాను. ఫైలు తెచ్చిన వాళ్లను, ఎదుటి మనిషికి చదువు వచ్చా అని మొదట అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకే లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్లెవరో మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. ఇది రాస్తూ నాగప్ప పేరు మార్చాను. పాత కేసే కదా, ఆ యజమాని పేరు రాస్తే ఏమవుతుందనిపించింది. చెయ్యి రాలేదు.