మేడం పాటలో మావాడి ఉత్తరం

దోహాలో నేను పనిచేసిన యూనివర్సిటీ లైబ్రరీలో ఆడపిల్లల వైపు భవనంలోకి మగవాళ్ళెవరూ రాకూడదు. తొంభైల చివర్లో ఒకడు దూరాడు. మనిషి రాలేదు, గొంతు మాత్రం క్యాసెట్లో వచ్చింది. దాన్ని లోపల ఆడించింది నేనే కాబట్టి, ఆ కథ చెప్పే హక్కు కూడా నాదే.

నా పని పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీలు చేయడం. కంప్యూటర్ అనగానే అంతా చిటికెలో అయిపోతుందని అందరి నమ్మకం. గంట పాట ఎక్కాలంటే గంటా వినాల్సిందే, అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డట్టే. భీమవరం పిల్లకి ఏసీ గదిలో కూర్చుని పాటలు వింటే జీతమా అని సైట్లో ఎండకు మాడి వచ్చే మా ఆయన రోజూ ఆడిపోసుకునేవాడు. అది అసూయ అని నేను ఆయన మొహానే చెప్పేదాన్ని.

ఆ ఏడాది నాకు దొరికినవి ఒక ఖతరీ ప్రొఫెసరుగారి క్యాసెట్లు. చిన్నప్పుడు తల్లి పోతే ఆవిడను ఒక ముసలావిడ పెంచిందట. పూర్వం మగవాళ్ళు ముత్యాల కోసం సముద్రం మీదికి వెళితే, ఒడ్డున ఆడవాళ్ళు పాడుకునే పాటలన్నీ ఆ ముసలావిడ చేత పాడించి రికార్డు చేసింది. కొన్నాళ్ళకు ముసలావిడ కూడా పోయింది. ఇక ఆ పాటలు ఆ క్యాసెట్లలో తప్ప ఎక్కడా లేవు. పొరపాటున కూడా ఎవరూ వాటి మీద రికార్డు చేయకూడదని, ప్రతి క్యాసెట్ నెత్తినా ఉండే రెండు ప్లాస్టిక్ పలుకుల్ని ఆవిడే విరిచేసింది. అవి విరిగితే టేప్‌రికార్డర్లో రికార్డు మీట దిగదు.

దిగదని ఆ మీట తయారుచేసినవాడు అనుకున్నాడు. గల్ఫ్‌లో మనవాళ్ళున్నారని వాడికి తెలియదు.

ఇంటికి ఫోన్ చేయడం భారమైన రోజులవి. మనవాళ్ళంతా క్యాసెట్లోనే ఉత్తరం చెప్పి, ఊరికెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఖాళీ క్యాసెట్ దొరక్కపోతే ఏ పాత పాటలదో తీసి, పలుకులు విరిగిన బొక్కల మీద ఇంత టేపు ముక్క అంటించేవారు. మీట బుద్ధిగా దిగేది. ఎంత మంచి పాటయినా అంతటితో ఇంటి కబుర్ల కింద సమాధి.

ప్రొఫెసరుగారి కారు నడిపేది మా తెలుగువాడే, కడప జిల్లా. శుక్రవారం వచ్చిందంటే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో మేముండే వాటా ముందు ప్రత్యక్షమయ్యేవాడు.

"అక్కా, రసం ఉండాదా?"

నా వంటలో కారమే లేదని వంక పెడుతూ, మళ్ళీ మళ్ళీ వడ్డించుకునేవాడు.

ఒకరోజు ప్రొఫెసరుగారితో కలిసి కొత్త పెట్టె తెరిచాను. ఒక క్యాసెట్ నెత్తిన, బొక్కలున్న రెండుచోట్లా, దెబ్బలకు వేసే ప్లాస్టరు నీటుగా అంటించి ఉంది. అలాంటి వైద్యం ఎవరు చేస్తారో నాకు తెలుసు. ఆవిడ చూడకుండా దాన్ని అడుక్కి తోశాను. ఆవిడ చెయ్యిపెట్టి సరిగ్గా దాన్నే తీసి, "ఇవాళ ఇది" అంది.

ఇద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. ముసలావిడ గొంతు సన్నగా, నిలకడగా సాగింది. ప్రొఫెసరుగారు కళ్ళు మూసుకుంది. రెండో పాట అలా ఎత్తుకుందో లేదో టక్కుమని శబ్దం.

"ఏమ్మే, బాగుండావా? ఎనుము ఈనిందా? బోరు యాడిదాకా వచ్చె? మాయమ్మతో కొట్లాడొద్దు, ముసిల్ది, ఎన్నాళ్ళుంటాది?"

ఆవిడ కళ్ళు తెరిచింది. మొహం పాలిపోయింది. "ఏమిటిది? మీ ఇండియా భాషేనా?"

అది మా కడప డ్రైవరు గొంతే. వాడి వీసా ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ ఒక్కమాట అంటే వాడు తర్వాతి విమానంలో ఊరు చేరతాడు, అక్కడ బోరు సగంలో ఆగిపోతుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేను అతికించాను.

"ఇండియా రేడియో మేడం. ఒక్కోసారి సముద్రం దాటొచ్చి టేపుల్లో పడుతుంటుంది. ఇది రైతుల కార్యక్రమం. పశువుల ఆరోగ్యం గురించి చెబుతున్నారు."

అంత చదువుకున్న మనిషి నమ్మేసింది. నాకే ఆశ్చర్యమేసింది. ఇంకాసేపైతే ఎరువుల గురించి కూడా చెప్పేదాన్నే, కానీ ఆ నమ్మకాన్ని వాడే చెడగొట్టాడు.

"మా మేడం ఈడ ఒక ముసిలామె కాడికి పోతాది. నేను గోడ బయట కార్లో కూసోని దినామూ ఆయమ్మ పాట ఇంటాంటా. ఇట్లుంటాది, ఇను" అని గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. సగం అరబ్బీ మాటలు, సగం వాడి సొంతం. రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు. టక్కుమని తెగిపోయిన పాటే అది. తను చెరిపేసిన పాటను, చెరిపేసిన చోటే, ఏమీ ఎరగనట్టు పాడుకుంటూ పోతున్నాడు.

ప్రొఫెసరుగారు నావైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "మీ రైతుల కార్యక్రమంలో మా ముసలమ్మ పాట ఎందుకు పాడుతున్నారు?"

నేను హెడ్‌ఫోన్ వైరు సర్దుకున్నాను. "ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు" అని ఆవిడ మళ్ళీ టేపు వైపే తిరిగింది. పాటయ్యాక వాడు ఇంకా ఏదో చెప్పాడు, అందులో మేడం అనే మాట పదేపదే వచ్చింది. వాడి గొంతు ఆగింది, ముసలావిడ గొంతు మిగిలిన పాటతో మళ్ళీ మొదలైంది. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, క్యాసెట్ చేతబట్టి, నన్ను వెంటబెట్టుకుని, వాడు కారుతో కాచుకునుండే గేటు దగ్గరికి నడిచింది.

ఆవిడ చేతిలో ప్లాస్టరు క్యాసెట్ చూడగానే వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. "మేడం, సారీ మేడం, ముఖ్ మాఫీ" అని తన తలను తనే కొట్టుకున్నాడు. బుర్ర లేదని దానర్థం. తర్వాత నావైపు తిరిగాడు.

"కార్లో దుమ్ము కొట్టుకోని పడుండె అక్కా. ఏవో పాత పాటలనుకుంటి. నా మాటలైపోయి ఇనుకుంటాంటే ముసిలామె గొంతు ఎత్తుకునె. అప్పుడు తెలిసె అది మేడందని. గమ్మున తెచ్చి మేడం సంచిలో పెట్టేస్తి. ఇంటికి యేరేది పంపిస్తి. నన్ను పంపించేస్తాదా అక్కా?"

ప్రొఫెసరుగారు నాతో అంది. "పాట తర్వాత నా గురించి ఏం చెప్పాడో ఉన్నదున్నట్టు చెప్పు. రేడియో వద్దు."

"అక్కా, నీ కాళ్ళు మొక్కుతా, రవ్వంత మార్చి చెప్పు" అన్నాడు వాడు.

మార్చడం నాకు చేతకాని పని కాదు. కానీ ఆ మాటలు నేనూ విన్నాను. వాణ్ణి కాపాడడానికి వాటికంటే మంచి అబద్ధం నాకు దొరకదనిపించింది. వాడు పెళ్ళాంతో చెప్పింది చెప్పినట్టే ఆవిడకు చెప్పాను.

"ఆ ముసలామెకు పాటలన్నీ గుర్తున్నాయి గానీ మా మేడం ఎవరో గుర్తులేదంట. ఎవరమ్మా నువ్వు అని రోజూ అడుగుతుందంట, పనిమనిషి చెప్పింది. మేడం నవ్వుకుంటూ బయటికొస్తుంది. కారెక్కినాక ఇల్లు చేరేదాకా ఏడుస్తుంది. ఆమెకు సిగ్గుగా ఉంటుందని వెనక్కి చూసుకునే అద్దం నేను పైకి తిప్పేస్తాను, నాకు కనపడకుండా."

వాడు తలెత్తలేదు, కారు తాళాలు మాత్రం ఆవిడకు ఇచ్చేయడానికన్నట్టు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ ముక్కు తుడుచుకుని, వచ్చీరాని హిందీలో గట్టిగా అరిచింది. "అందుకేనా బండి వెనక్కి తీసినప్పుడల్లా గోడకు కొట్టేవాడివి?"

వాడు నేల చూపులు చూస్తూనే తలూపాడు.

ఆవిడకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు నిండాయి. తాళాలున్న వాడి చేతిని వాడివైపే తోసి, "యల్లా, కారు తియ్యి" అంది. "ఇవాళ కూడా అద్దం పైకి తిప్పు."